అమ్మ ముక్కూ, అంతరిక్షమూ, ఉగాది పచ్చడీ

శివరాత్రితో చలి "శివశివా" అంటూ వెళ్ళిపోతుందని పెద్దలమాట. హైదరాబాదులో ఉండేవాళ్ళకి ఆ వెళ్ళడం కనిపించదు. ఒక రాత్రి దుప్పటి చాలదు, మరో రాత్రి పంకా చాలదు. వసంతమనేది ఆ రెండు రాత్రుల మధ్య ఏ జామునో వచ్చి, మనం లేచేలోపల వెళ్ళిపోయి ఉంటుంది. తెనాలిలో అలా కాదు. అక్కడది నింపాదిగా వస్తుంది. తెల్లవారుజామున మంచు ఇంకా పడుతూనే ఉంటుంది, పది గంటలకల్లా ఎండ వీపు మీద చురుక్కుమంటుంది, సాయంత్రం కాలవ మీదుగా వచ్చే గాలి ఆ రెండింటికీ రాజీ కుదురుస్తుంది. మామిడి పిందెలు గోలీకాయలంత అవుతాయి. మబ్బు పట్టినరోజున తోటలున్నవాళ్ళు ఆకాశం వంక చూసి, తేనెమంచు పురుగు ఎక్కడ పడుతుందోనని నిట్టూరుస్తారు. అన్నింటికన్నా ముందు, వేపచెట్టు పూస్తుంది.

2026 ఉగాది మార్చి 19న వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందే సెలవు పెట్టి మా ఊరు వెళ్ళాను. తెల్లవారుజామున బస్సు దిగి, మా వీధి మలుపు తిరిగానో లేదో, వేపపూత వాసన ఎదురొచ్చింది. ఆ వాసన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అది మల్లెలా మీద పడదు. మనం నడుస్తుంటే పక్కన నడుస్తూ ఉంటుంది.

గేటు తీసి లోపలికి వెళ్ళేసరికి అమ్మ చీపురుతో ఊడుస్తోంది. నేల మీద తెల్లగా, సన్నగా, బియ్యపు నూకలా పూత రాలి ఉంది.

"పూత భలే వాసనొస్తోందమ్మా, వీధి చివరికి తెలుస్తోంది" అన్నాను, బుద్ధి లేకుండా.

అమ్మ చీపురు ఆపలేదు. "అలాగా? నాకు నేలమీద పడ్డాకే తెలుస్తుంది నాన్నా, పూసిందని" అంది.

అప్పుడు నాలుక కరుచుకున్నాను.

మా అమ్మకి 2021 మే నెలలో కోవిడ్ వచ్చింది. అందరం భయపడినంత ప్రమాదమేమీ జరగలేదు. ఇంట్లోనే పద్ధెనిమిది రోజులు ఉండి కోలుకుంది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, ఒళ్ళునొప్పులు పోయాయి. వాటితోపాటు వాసన కూడా పోయింది. రోగాలన్నీ పోయాయి గనక, ఒక్క వాసన పోవడం గురించి దిగులుపడటం కృతఘ్నత అవుతుందేమోనని ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. ఆ సంవత్సరం ఎంతమంది ఇళ్ళలో ఎంతెంత పోయిందో చూస్తూ ఉన్నాం కదా!

కానీ మా అమ్మ ముక్కు గురించి మీకు చెప్పాలి. ఆవిడ వంటకి గడియారమూ, తూకమూ, థర్మామీటరూ అన్నీ ఆ ముక్కే. వసారాలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ, "ఒరే, పప్పు అడుగంటబోతోంది, మంట తగ్గించు" అనేది. అంటింది అని కాదు, అంటబోతోంది అని! అడుగంటడానికి అర నిమిషం ముందు పప్పుకి ఇంకో వాసన ఉంటుందట. నాకు ఏనాడూ తెలియలేదు. ఆవపిండి డబ్బా మూత తీసి, ఇది ఈ యేటి ఆవాలు కావని చెప్పేది. పక్కింట్లో ఏం కూరో సరే, అందులో ఇంగువ ఎక్కువైందో లేదో కూడా చెప్పేది. అటువంటి మనిషి ఒకరోజు పాలు మాడి గిన్నె నల్లబడి ఇల్లంతా పొగ కమ్మేదాకా పక్కగదిలో పేపరు చదువుకుంటూ కూర్చుంది.

ఏడాది తర్వాత వాసన కొద్దిగా తిరిగి వచ్చింది గానీ, తప్పుగా తిరిగి వచ్చింది. కాఫీ కాలిన రబ్బరులా ఉందనేది. వేయించిన ఉల్లిపాయ మురుగు కాలవలా ఉందనేది. ముక్కులో వాసన పట్టే కణాలు చచ్చిపోయినా మళ్ళీ పుడతాయి, కాని కొత్తగా పుట్టినవి మెదడుతో సరైన చోట ముడిపడటానికి తడబడతాయి అని డాక్టరుగారు చెప్పారు. రోజుకి రెండుసార్లు నాలుగు వాసనలు పీల్చమన్నారు. 2009లో జర్మనీలో పరిశోధకులు ప్రచురించిన పద్ధతి అది: గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. అమ్మ నిష్ఠగా, సంధ్యావందనం చేసినట్టు, రెండు పూటలా చేసింది. గులాబి నూనె బదులు కరివేపాకు పెట్టుకుంది, వంటకి పనికొచ్చే వాసన ముందు వస్తే చాలునని. రెండేళ్ళకి కాఫీ రబ్బరు వాసన మానేసింది. అంతే, ఏ వాసనా లేని వేడినీళ్ళయింది. అంతకుమించి ముందుకు సాగలేదు.

సరే, ఇక అసలు సంగతి. 2026 ఫిబ్రవరిలో ఒకరోజు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. అమ్మ ఆ వంటింట్లోనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే కేకపెట్టి, పరుగెత్తివచ్చి కట్టేసింది గనక సరిపోయింది. ఇంకో పది నిమిషాలు ఆగి ఈవిడ మళ్ళీ పొయ్యి వెలిగిద్దామని అగ్గిపుల్ల గీసి ఉంటే... ఆ మాట అక్కడితో ఆపుతాను. నిజానికి వంటగ్యాసుకి సొంత వాసనంటూ లేదు. కారిపోతే మనుషులకి తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే గంధక పదార్థాన్ని చిటికెడు కలుపుతారు. లోకమంతా ఒక ముక్కు ఉంటుందన్న నమ్మకం మీద చేసిన ఏర్పాటు అది.

అప్పటినుంచి నాకూ అమ్మకీ ఫోనులో ఒకటే గొడవ. "ఇక్కడికి వచ్చెయ్యి, వంట మానెయ్యి" అని నేను. "వంట మానేసి ఏం చెయ్యమంటావురా, మీ ఇంట్లో టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయలు తలుచుకోమంటావా?" అని ఆవిడ. ఈసారి ఉగాదికి ముందుగా వెళ్ళడంలో నా ఉద్దేశం పండుగ కాదు. ఆవిడను ఒప్పించి తీసుకురావడం. వెళ్ళిన రెండు రోజులూ ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. తను మటుకు నేనెందుకు వచ్చానో గేటు తీసినప్పుడే కనిపెట్టింది. ఆ విద్యకి ముక్కుతో పనిలేదు కదా!

మూడోరోజు సాయంత్రం అమ్మని డాబా మీదికి తీసుకెళ్ళాను. నాకు చిన్నప్పటినుంచీ ఆకాశం పిచ్చి. కృష్ణపక్షం చివరి రోజులు, చంద్రుడు లేడు. నడినెత్తిన గురుడు దీపంలా వెలుగుతున్నాడు. పడమటివైపు కృత్తికలు గుంపుగా దిగుతున్నాయి. ఆ సాయంత్రం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మా ఊరి మీదుగా వెళుతుందని ముందే చూసుకున్నాను. చెప్పిన నిమిషానికి చెప్పినవైపునుంచే అది వచ్చింది. మిణుకుమిణుకుమనకుండా, చప్పుడు లేకుండా, నిలకడగా సాగిపోయే ఒక పెద్ద చుక్క.

"విమానం కాదూ?" అంది అమ్మ.

"కాదు. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున ఉంది. అందులో మనుషులున్నారు. 2000 సంవత్సరం నవంబరు నుంచి ఒక్కరోజు కూడా అది మనుషులు లేకుండా లేదు. మనకి చీకటి పడ్డా అంత ఎత్తున దానికింకా ఎండ తగులుతోంది, అందుకే మెరుస్తోంది. గంటన్నరకొకసారి భూమిని చుట్టేస్తుంది. వాళ్ళకి రోజుకి పదహారుసార్లు తెల్లవారుతుంది" అని నాకు తెలిసిన పాఠమంతా ఒప్పజెప్పాను.

అమ్మ చాలాసేపు తల వెనక్కి వాల్చి చూసింది. అది భూమి నీడలోకి వెళ్ళి, నడి ఆకాశం దాటాక ఉన్నట్టుండి మాయమైంది. అప్పుడు మా అమ్మ, లోకంలోని అమ్మలందరూ అడిగే ప్రశ్న అడిగింది.

"పాపం, వాళ్ళేం తింటారురా?"

చెప్పాను. రొట్టెముక్క తుంచితే పొడి గాలిలో తేలి యంత్రాల్లోకి దూరుతుంది గనక, మెక్సికోవాళ్ళ పల్చటి చపాతీల్లాంటివి తింటారు. ఉప్పును నీళ్ళలో, మిరియాల పొడిని నూనెలో కలిపి చుక్కలుగా వేసుకుంటారు. తక్కినవాటిలో చాలా సంచుల్లో ఎండబెట్టి పంపినవి, వాటికి వేడినీళ్ళు ఎక్కించుకుని తినాలి. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా ఆ కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడైనప్పుడు క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిరసం పట్టుకెళ్ళాడు. అక్కడ మెంతులూ పెసలూ మొలకెత్తించే ప్రయోగం కూడా చేశాడు.

"మెంతులు మొలిచాయా?" అంది అమ్మ ఆత్రంగా.

"మొలిచాయి."

"మెంతులు ఎక్కడైనా మొలుస్తాయి" అంది, తన పెరటి మెంతికూర గురించి చెబుతున్నంత గర్వంగా.

తర్వాత చెప్పిన మాట నేను ఏ ఉద్దేశంతోనూ చెప్పలేదు. తెలిసిన సంగతులు చెప్పుకుపోతూ అది కూడా చెప్పేశాను. "కానీ అమ్మా, అక్కడికి వెళ్ళాక తిండి చప్పబడిపోతుందని చాలామంది చెప్పారు. కిందికి లాగే బరువు ఉండదు కదా, ఒంట్లో నీరంతా తలలోకి ఎక్కుతుంది. మొహం ఉబ్బుతుంది, జలుబు చేసినట్టు ముక్కు దిబ్బడ వేస్తుంది. పైగా అక్కడ వేడిగాలి పైకి లేవదు. అన్నం మీది ఆవిరి మన ముక్కుదాకా రావడం కూడా భూమి చేసే ఉపకారమే. అందుకని వాళ్ళు కారాలూ, మన ఆవఘాటులాంటి ఘాటున్న పచ్చళ్ళూ అడిగి మరీ తెప్పించుకుంటారట."

అమ్మ ఏమీ మాట్లాడలేదు. చుక్క మాయమైన చోటే చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి, "అయితే వాళ్ళకీ తెలియదన్నమాట" అంది. ఇంకాసేపటికి, "ఆవపెట్టిన అరటికాయ కూర పంపించాల్సింది" అంది.

అయిదేళ్ళలో తన ముక్కు గురించి ఆవిడ హాస్యమాడటం అదే మొదటిసారి. నాకు ఉత్సాహం వచ్చేసింది. కేంద్రం బయట పనిచేసి లోపలికి వచ్చినవాళ్ళ దుస్తులకి మాడిన లోహంలాగా, కాల్చిన మాంసంలాగా ఒక వాసన అంటుకుని ఉంటుందని వాళ్ళు చెప్పిన సంగతి చెప్పాను. "అంటే ఆకాశమంతా మాడు వాసనేనా? ఎవరో పొయ్యి మీద పెట్టి మరిచిపోయారు. నాలాంటి ఆవిడే" అంది. 2014లో రోసెట్టా నౌక ఒక తోకచుక్క దగ్గరికి వెళ్ళి దాని చుట్టూ ఉన్న వాయువులను పరీక్షిస్తే, అందులో కుళ్ళిన కోడిగుడ్డు వాసన, గుర్రపుసాల వాసన, చేదు బాదం వాసన వేసే పదార్థాలు దొరికాయని చెప్పాను. "ఛీ" అని నవ్వింది. కృత్తికల వైపు చూపించి, ఆ దాపులోనే యురేనస్ ఉంది, కంటికి ఆనదు, అక్కడ సంవత్సరం మన 84 ఏళ్ళు, వసంతకాలమొక్కటే ఇరవయ్యొక్క ఏళ్ళని చెప్పాను.

అమ్మ వేళ్ళు మడిచి లెక్కవేసుకుంది. "నాకు డెబ్భయి రెండు. అయితే అక్కడ నాకింకా ఏడాది నిండలేదు. ముక్కు తెలియకపోవడంలో వింతేముంది, పసిపిల్లని!"

ఇద్దరం చీకట్లో చాలాసేపు నవ్వుకున్నాం. హైదరాబాదు మాట ఆ రాత్రి కూడా ఎత్తలేదు.

ఉగాదినాడు పొద్దున్నే తలంటు పోసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, "ఇవాళ నువ్వే నా ముక్కువి. నేను అడిగినప్పుడల్లా చెప్పు" అంది. ఆ పూట నేను గమనించింది ఏమిటంటే, ఈ అయిదేళ్ళలో ఆవిడ వంట మానలేదు సరికదా, వంటని మొదటినుంచీ మళ్ళీ నేర్చుకుంది. తిరగమోత వేగిందో లేదో చెవితో వింటుంది. ఆవాల చిటపట ఎక్కడ జోరందుకుంటుందో, ఎక్కడ సన్నగిల్లుతుందో, అక్కడ మిరపకాయ పడాలి. నెయ్యి కాగడం రంగుతో కాదు, నురుగు చప్పుడుతో తెలుసుకుంటుంది. బూరెల పాకం వేళ్ళ మధ్య సాగదీసి చూస్తుంది. అడుగంటుతుందేమోనని గరిటె అడుగున ఆనించి, ఆ గరుకుని చేత్తో కనిపెడుతుంది. నేను ఫోనులో "వంట మానెయ్యి" అన్నప్పుడల్లా మానెయ్యమన్నది ఇదంతా అని నాకు తెలియదు.

పచ్చడి కలిపింది. కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, సన్నగా తరిగిన మామిడికాయ, ఉప్పు, పచ్చిమిరపకాయ, చేటలో చెరిగి రేకులు వేరుచేసిన వేపపూత. దేవుడి దగ్గర పెట్టి, నాకింత చేతిలో వేసి, తనింత నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమ్మా?"

"ఇది సరిగ్గా ఉందిరా" అంది. "అన్నీ తెలుస్తున్నాయి. ప్రతి ఉగాదికీ ఇదొక్కటే సరిగ్గా ఉంటోంది. మిగతా ఏడాదంతా మట్టి తిన్నట్టుంటుంది, ఈ ఒక్క చెంచా మటుకు ఎప్పటిలాగే ఉంటుంది. ఎందుకో తెలియదు. చెబితే మీరంతా చాదస్తం అంటారని చెప్పలేదు."

చాదస్తం కాదు. ఆలోచిస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఈ నాలుగూ నాలుక పట్టేవి. కారం రుచే కాదు, మంటని మెదడుకి చేరవేసే వేరే నరం పని. వగరు ఇంచుమించు స్పర్శ. నోట్లోని తడిని పట్టి బిగించడం. ఈ ఆరింటిలో ఒక్కదానికీ ముక్కుతో అవసరం లేదు! మనం రుచి అని పిలిచే తక్కినదంతా, కందిపప్పు కమ్మదనం, ఇంగువ, నెయ్యి, కొత్తిమీర, అంతా నోటి వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనే. నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు జీలకర్ర గింజలు నమిలి, తర్వాత వదిలి చూడండి. షడ్రుచులని మనవాళ్ళు లెక్కపెట్టిన ఆరూ, ముక్కు పోయిన మనిషికి కూడా మిగిలే ఆరే. ఏడాది మొదటిరోజున మా అమ్మకి ఏమీ తక్కువ కాని ఒకే ఒక్క వంటకం ఇంట్లో ఉంది, అది ఆవిడే చేస్తోంది. అయిదేళ్ళుగా ఆ సంగతి మాలో ఎవరమూ అడగలేదు.

ఇదంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే మరి దీంట్లో నాకు తెలియనిదేమిటి?" అని అడిగింది.

"పూత వాసన. మామిడికాయ జీడివాసన. కొత్త బెల్లం వాసన."

"పూత వాసన ఎలా ఉందో చెప్పు."

చెప్పబోయి ఆగిపోయాను. మీరు ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. బాగుందమ్మా అన్నాను. "బాగుందని నాకూ తెలుసు, ఎలా ఉందీ?" అంది. తియ్యగా ఉందన్నాను, చేదు పువ్వుకి తీపి వాసనేమిటంది. తేనెలా, కానీ అంత చిక్కగా కాదు, తేనెని చల్లటి నీళ్ళలో కలిపి దూరంగా పెట్టినట్టు. చిన్నప్పుడు వేసవి రాత్రులు పెరట్లో మడతమంచం మీద పడుకున్నప్పుడు తలగడ గలీబుకి ఉండే వాసనలా. చివర్లో కొంచెం పచ్చివాసన, గోటితో ఆకు గిల్లినట్టు. వెతుక్కుంటూ, తడుముకుంటూ, ఒక్కొక్క మాటా చెప్పాను. నలభై ఏళ్ళు పీల్చిన వాసనని అంత శ్రద్ధగా నేనెప్పుడూ పీల్చలేదు. అమ్మ తల ఊపుతూ వింది. మడతమంచం దగ్గర మాత్రం, "ఆఁ, అదే" అంది.

హైదరాబాదు మాట ఇక ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమే బజారుకి వెళ్ళి, గ్యాసు కారితే గట్టిగా మోగే యంత్రం ఒకటి కొనుక్కొచ్చి వంటింటి గోడకి, నేలకి కాస్త ఎగువన బిగించాను. వంటగ్యాసు గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. పాలు మటుకు కరెంటు పొయ్యి మీద కాచేటట్టు ఒప్పందం. "ముక్కు గోడకి తగిలించావన్నమాట" అంది అమ్మ. పూర్తిగా నిశ్చింతగా ఉన్నానని చెప్పను. రాత్రిళ్ళు ఒక్కోసారి ఆ ఫిబ్రవరి రోజు గుర్తొచ్చి మెలకువ వస్తుంది. కానీ ఆవాల చిటపట వింటూ నిలబడ్డ ఆ మనిషిని నా ఇంటి సోఫాలో ఊహించుకోవడం కూడా నా వల్ల కావడం లేదు.

ఇప్పుడు మా ఇద్దరికీ కొత్త అలవాటొకటి అయింది. అంతరిక్ష కేంద్రం తెనాలి మీదుగా కనిపించే సాయంత్రాలు చూసి ముందుగా ఫోను చేస్తాను. అమ్మ డాబా ఎక్కి చూసి, "వెళ్ళారు" అని చెబుతుంది, ఊరికి వెళ్ళే చుట్టాల్ని బస్సెక్కించి వచ్చినట్టు. ఆ తర్వాత తన వంతుగా ఒక వాసన అడుగుతుంది. మొన్న మొదటివానకి తడిసిన మట్టి, నిన్న కాఫీ. ఇవాళ పొద్దున్నే ఫోను చేసి, "మల్లెపూలు వచ్చాయటగా మీకు? సాయంత్రానికి చెప్పాలి సుమా!" అంది.

ఆఫీసునుంచి వస్తూ ఒక మూర కొన్నాను. ఇదుగో, బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు.